27వ నంబరు పెట్టె

పోయిన వేసవిలో మా సామాను ఏప్రిల్ 27న గురుగ్రామ్‌లో లారీ ఎక్కి, మే 16న రాజమహేంద్రవరంలో దిగింది. ఆరు రోజుల్లో, మహా అయితే ఏడు రోజుల్లో చేరుస్తామన్నారు. ఇరవై రోజులు పట్టింది. "సైకిలు తొక్కుకుంటూ వచ్చినా ఈపాటికి చేరేవాళ్లు కదమ్మా" అన్నారు మా మామయ్యగారు పదిహేనో రోజున. ఆయన వెటకారానికి అనలేదు. రెండు వేల కిలోమీటర్లను రోజుకు నూట యాభైతో భాగించి, లెక్క చూసుకునే అన్నారు.

అత్తయ్యగారు పోయాక ఆయన ఒంటరిగా ఉంటున్నారు. మావారికి ఇంటినుంచే ఉద్యోగం చేసుకునే వెసులుబాటు దొరికింది. దాంతో పద్నాలుగేళ్ల గురుగ్రామ్ కాపురం ఎత్తేసి, మామయ్యగారి పైవాటాలోకి వచ్చేద్దామనుకున్నాం. గ్యాస్ సిలిండర్లు ఏజెన్సీలో అప్పజెప్పి కాగితం తీసుకున్నాం. స్కూటరు అమ్మేశాం. కుండీలోని కరివేపాకు మొక్క ఎదురింటివాళ్లకు ఇచ్చాం. ఇవన్నీ రెండు రోజుల్లో తెమిలాయి. తెమలనిది సామాను తరలింపు ఒక్కటే.

ఇంటర్నెట్‌లో ఒకచోట నా ఫోను నంబరు ఇచ్చాను. అరగంటలో పదకొండు ఫోన్లు వచ్చాయి. ఒకాయన 24 వేలన్నాడు, ఇంకొకాయన 68 వేలన్నాడు. అదే సామాను, అదే దూరం. ఇంత తేడా ఎందుకని అడిగితే ప్రతివాడూ "మిగతావాళ్లు మోసగాళ్లు మేడం" అన్నాడు. ఆ ఒక్క విషయంలో అందరూ నిజమే చెప్పారేమో.

మేము 42 వేలు చెప్పిన సంస్థను ఎంచుకున్నాం. అటు మరీ చవక కాదు, ఇటు మరీ ప్రియమూ కాదు, మధ్యరకంగా ఉంది కాబట్టి నమ్మకస్తులై ఉంటారనుకున్నాం. మధ్యతరగతి బుద్ధి. పైగా ఆ పేరు ఎక్కడో విన్నట్టే ఉంది. విన్నట్టు ఎందుకుందో తర్వాత అర్థమైంది. దేశమంతా తెలిసిన ఒక పెద్ద సంస్థ పేరుకు ముందొక మాట, వెనకొక మాట తగిలించుకున్నారు. ఫోనులో మాట్లాడినాయన గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. "సొంత లారీ, సొంత మనుషులు, సొంత గోడౌన్లు. మీరు తాళం వేసి రైలెక్కండి, మిగతాది మాకు వదిలేయండి" అన్నాడు. 42 వేల మీద 18 శాతం జీఎస్టీ 7,560. సామాను విలువ నాలుగు లక్షలని మేం చెబితే, అందులో మూడు శాతం ఇన్సూరెన్సుకని 12 వేలు వేశాడు. అడ్వాన్సుగా ఐదు వేలు పంపమని క్యూఆర్ కోడ్ పంపాడు. డబ్బు పంపబోతే తెర మీద సంస్థ పేరు రాలేదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. అడిగాను. "మా అకౌంటెంటు" అన్నాడు. పంపేశాను.

సామాను కట్టడానికి నలుగురు కుర్రాళ్లు, ఒక సూపర్‌వైజరు వచ్చారు. కుర్రాళ్ల గురించి చెడుగా చెప్పడానికి నాకు నోరు రాదు. నీళ్లు తాగడానికి తప్ప ఎక్కడా ఆగకుండా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా చేశారు. విడ్డూరాలు లేవని కాదు. సన్నికల్లుకు మూడు చుట్లు బబుల్ ర్యాప్ చుట్టి, గాజు గ్లాసులను మాత్రం పాత న్యూస్‌పేపర్లలో పెట్టారు. కానీ వాళ్లలో అందరికన్నా చిన్నవాడు మా అమ్మమ్మ టేకు మంచాన్ని విప్పిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తలవైపు చెక్క మీద చిలక బొమ్మ చెక్కి ఉంటుంది. చిలక ముక్కు కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వాడు ముడతల అట్ట చుట్టబోయి ఆగి, ఆ ముక్కు మీద అరచేయి వేసి చూశాడు. తన భుజం మీది తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి దాని మీద కప్పాడు. ఆ పైన అట్ట చుట్టి, టేపు పళ్లతో తెంచి అంటించాడు. మార్కరుతో 41 అని రాశాడు. తువ్వాలుకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

అదే సమయంలో, గదికి ఆ మూల, సూపర్‌వైజరు మా కొంప ముంచుతున్నాడు. నాకప్పుడు తెలియలేదు.

అతని చేతిలో కార్బన్ కాగితాల పుస్తకం ఉంది. ఒక్కో వస్తువుకూ నంబరు, పేరు, చివర ఒక గడిలో రెండు మూడు అక్షరాలు. ఏమిటవి అని అడిగితే "పాతది, గీతలున్నాయి" అని అర్థమట. సోఫాకు అదే రాశాడు. సరే, మా పిల్లల పుణ్యమా అని సోఫా అలాగే ఉంది. ఫ్రిజ్‌కూ అదే. వాషింగ్ మెషీన్‌కూ అదే. "ఇది కొని నాలుగు నెలలే అయింది, బిల్లు చూపించనా?" అన్నాను. అతను తలెత్తకుండానే, "ఇది మా పద్ధతి మేడం. అందరికీ ఇలాగే రాస్తాం" అన్నాడు. ఆ రోజు అతను చెప్పిన ఒకే ఒక నిజం అది. మొత్తం 46 వస్తువులు, 46 గడుల్లోనూ అవే అక్షరాలు. కింద సంతకం చేయమన్నాడు. బయట లారీ హారన్ కొడుతోంది, మాకేమో మర్నాడు రైలు. చేశాను.

చేశాక సామాను ఎక్కువైందన్నాడు. వీడియోలో చూపించిన దానికన్నా ఎనిమిది పెట్టెలు అదనంగా వచ్చాయి, మరో 9 వేలు కావాలన్నాడు. సగం ఇల్లు లారీలో, సగం ఇల్లు లిఫ్టులో ఉన్నప్పుడు బేరమాడడం ఎవరి తరం? ఆ రోజు 50 వేలిచ్చాం. ఇంకా 15,560 మిగిలింది. అది సామాను దిగాకే ఇస్తామని మావారు పట్టుబట్టారు. ఇన్ని తప్పులు చేసిన మేము చేసిన ఒక్క తెలివైన పని అదే. ఆ బాకీ లేకపోతే వాళ్లు ఆ తర్వాత మా ఫోను ఎత్తేవాళ్లే కాదు.

ఇక్కడికొచ్చి పైవాటాలో చాపలు పరుచుకున్నాం. ఐదో రోజున ఫోను చేస్తే "లారీ నాగపూర్ దాటింది" అన్నారు. సంతోషించాం. ఆరో రోజున ఇంకొకావిడ ఎత్తి "ఝాన్సీలో ఉంది" అంది. మామయ్యగారి దగ్గర పాత అట్లాసు ఒకటి ఉంది. అది తెచ్చి టీపాయి మీద పరిచి, 44వ నంబరు జాతీయ రహదారి మీద వేలు పెట్టారు. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, నాగపూర్, ఆదిలాబాద్. "నాగపూర్ దాటిన లారీ ఝాన్సీలో ఉందంటే ఢిల్లీకి తిరిగి వెళ్లిపోతోందా అమ్మా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్లలు మాత్రం పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి పొద్దున్నే కాఫీ తాగుతూ "మన సామాను ఎక్కడిదాకా వెనక్కి వెళ్లింది?" అని అడగడం ఇంట్లో అలవాటైంది.

తొమ్మిదో రోజున, అంటే మే 5న, మెత్తని గొంతాయనే ఫోను చేశాడు. మహారాష్ట్ర దాటి పెన్‌గంగ వంతెన దగ్గరికొచ్చేసరికి చెక్‌పోస్టులో లారీని ఆపేశారట. మా సామానుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఉండాల్సిన కాగితం, లేదట. 8,500 వెంటనే పంపకపోతే సరుకు దింపేసి జప్తు చేస్తారట. నా గుండె గుభేలుమంది. పంపేసేదాన్నే, కానీ కాకినాడలో ఆడిటరు దగ్గర పనిచేసే మా తమ్ముడికి ఒక మాట చెబుదామని ఫోను చేశాను. వాడు విసుక్కున్నాడు. "వాడుకున్న ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదక్కా. ఆ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. సరుకుల మీద పన్ను కోసం పెట్టిన చెక్‌పోస్టులు 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక తీసేశారు. ఆపిన అధికారి నోటీసు ఇచ్చి ఉంటాడు కదా, దాని ఫోటో పంపమను" అన్నాడు. ఆ మాటే అడిగాను. ఫోను కట్ అయింది. రెండు గంటల తర్వాత, "మేమే మాట్లాడి పంపించేశాం మేడం, మీరు కంగారుపడకండి" అని మెసేజీ వచ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు ఎవరూ ఫోను ఎత్తలేదు. పన్నెండో రోజు రాత్రి మా చిన్నవాడు నా ఫోనులో ఫోటోలు చూస్తూ కూర్చున్నాడు. గురుగ్రామ్‌లో లారీ కదిలేటప్పుడు అన్నదమ్ములిద్దరూ దాని వెనక నిలబడి తీయించుకున్న ఫోటో కనిపించింది. వాళ్ల తలల మీదుగా లారీ వెనక తలుపు మీద పేరు, ఊరు, ఫోను నంబరు పెయింటుతో రాసి ఉన్నాయి. అది మేము డబ్బిచ్చిన సంస్థ పేరు కాదు. ఆ నంబరుకు చేశాను. లారీ యజమాని ఎత్తి, డ్రైవరు నంబరిచ్చాడు. డ్రైవరు అప్పటికే చెన్నై దగ్గరున్నాడు.

"మీ సామాను 4వ తారీఖునే మేడ్చల్ గోడౌనులో దింపేశాను. ఇంకా చేరలేదా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అంటే, 5వ తారీఖున పెన్‌గంగ దగ్గర జప్తు అవుతుందని నన్ను భయపెట్టేనాటికి, మా సామాను పెన్‌గంగ దాటి, ఆదిలాబాద్ దాటి, హైదరాబాద్ పొలిమేరలో దిగి ఒక రోజు గడిచిపోయింది.

ఆ డ్రైవరుతో పావుగంట మాట్లాడాక నాకు మొత్తం బోధపడింది. మాతో మాట్లాడినవాడికి లారీ లేదు, గోడౌను లేదు, మనుషులూ లేరు. ఉన్నది ఫోను. కట్టే మనుషుల్ని రోజుకూలికి పిలిచాడు. హైదరాబాద్ వైపు వెళ్లే లారీలో కాస్త చోటు అడిగి మా సామాను ఎక్కించాడు. మా సామానుకు డ్రైవరు చేతికి ముట్టింది 16 వేలట. మేడ్చల్ నుంచి రాజమహేంద్రవరానికి వేరే బండి చూడాలి, దానికి వేరే బేరం. మాటిచ్చినవాడొకడు, కట్టినవాడొకడు, తోలినవాడొకడు, దాచినవాడొకడు. ఒకడి పని గురించి ఇంకొకడికి పట్టదు. డబ్బు మాత్రం మొదటివాడే తీసుకున్నాడు. ఇన్నాళ్లూ ఫోనులో నేను కోప్పడినదంతా ఆ మొదటివాడి దగ్గర జీతానికున్న ఆడపిల్ల మీద. ఆమెకు ఝాన్సీ ఎక్కడుందో, నాగపూర్ ఎక్కడుందో తెలియకపోవడంలో వింత లేదు.

మర్నాడు రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగి, మావారూ నేనూ మేడ్చల్ వెళ్లాం. రేకుల షెడ్డు. లోపల పదిహేను ఇరవై కాపురాలు కలగాపులగంగా పడున్నాయి. ఎవరిదో ఉయ్యాల, ఎవరిదో దేవుడి మందిరం, ఎవరి పిల్లలవో చిన్న సైకిళ్లు. మా ఫ్రిజ్‌ను వెల్లకిలా పడుకోబెట్టి దాని మీద ఇంకెవరిదో సోఫా ఎక్కించారు. 41 ఒక గోడకు ఆనించి ఉంది. దానికి ఆనించి ఎవరిదో మోటారు సైకిలు. పెట్రోలు తీశారు గానీ ఇంజిన్ ఆయిల్ కారుతోంది. అట్టంతా నల్లగా తడిసింది. నేను అక్కడే కింద కూర్చుని అట్ట చింపి చూశాను. మంచం కోడు ఒకటి నిలువునా చీలింది. తువ్వాలు మాత్రం కట్టినచోటే ఉంది. దాని కింద చిలక ముక్కు చెక్కు చెదరలేదు.

గోడౌను మేనేజరు మర్యాదస్థుడే. టీ తెప్పించాడు. కానీ సామాను వదలనన్నాడు. మా సంస్థ తనకు గోడౌను అద్దె, ఇక్కడినుంచి బండి కిరాయి కలిపి 11 వేలు ఇవ్వాలట. పాత బాకీలు కూడా ఉన్నాయట. మా వస్తువులు మాకివ్వడానికి మా డబ్బు తీసుకున్నవాడు ఇంకొకడికి డబ్బు కట్టాలి. మూడు రోజులు ముగ్గురి మధ్య ఫోన్లు నడిచాయి. చివరికి మా దగ్గరున్న 15,560లోంచి 11 వేలు నేరుగా గోడౌనుకే కట్టేలా ఒప్పందమైంది. అది మెసేజీలో రాసి పంపితేనే కడతామని మావారు గట్టిగా నిలబడ్డారు. పంపించారు.

మే 16న బండి వచ్చింది. మా వీధిలోకి పెద్ద లారీ పట్టదని చౌరస్తాలో ఆపి, చిన్న బండికి 3,500, పై అంతస్తుకు మోసినందుకు 2 వేలు అడిగారు. నేను ఇవ్వనన్నాను. పైవాటా అని మొదటి రోజే చెప్పాం, మోత కూలి కూడా 42 వేలలోనే ఉందన్నారు. హమాలీలు ఎండలో బండి నీడకు కూర్చుండిపోయారు. అరగంట చూసి మామయ్యగారు వాళ్లకు మజ్జిగ పట్టుకెళ్లారు. తిరిగొచ్చి, "నువ్వు పోట్లాడాల్సినవాడు వీళ్లలో లేడమ్మా, ఇచ్చెయ్యి" అన్నారు. ఇచ్చేశాను. మొత్తం లెక్క 76,060కి తేలింది.

ఫ్రిజ్‌లో కంప్రెసరు పోయింది. వాషింగ్ మెషీన్ డ్రమ్ము వంగింది. గ్లాసుల సంగతి సరేసరి. సన్నికల్లు సురక్షితం. ఇన్సూరెన్సు కాగితం తీసి చూస్తే అందులో ఏ బీమా సంస్థ పేరూ లేదు, పాలసీ నంబరూ లేదు. "ట్రాన్సిట్ రిస్క్" అని రాసి, కింద 12 వేలు అందినట్టు రబ్బరు స్టాంపు. అప్పుడే బుద్ధొచ్చి బిల్లు మీది జీఎస్టీ నంబరును ప్రభుత్వ పోర్టల్‌లో కొట్టి చూశాను. అది వేరే రాష్ట్రంలోని ఒక టైర్ల కొట్టుది. రెండు నిమిషాల పని. ఏప్రిల్‌లోనే చేయవలసింది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. సంస్థ జవాబుగా పంపింది ఏమిటో ఊహించగలరు. నా సంతకంతో ఉన్న ఆ 46 వరుసల జాబితా. అన్నీ ముందునుంచే పాతవి, గీతలున్నవి, దయతలచి 4 వేలిస్తామన్నారు. మా తమ్ముడికి తెలిసిన న్యాయవాది ఒకాయన కాగితాలన్నీ చూశారు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుకింగ్ జరిగిన 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలట. అది దాటితే దావాకే వీలుండదట. సరుకు విలువ ముందే ఎక్కువగా రాయించుకోకపోతే రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల వరకేనట. మేము నాలుగు లక్షలని చెప్పిన కాగితం ఆ దొంగ ఇన్సూరెన్సు రసీదే. అది ఇలా పనికొచ్చింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే గురుగ్రామ్ పరుగెత్తక్కర్లేదు, 2019 చట్టం వచ్చాక మనముంటున్న చోటే వేయవచ్చని కూడా చెప్పారు. వాళ్ల ఆట సగం దూరం మీదే నడుస్తుంది. ఇంత దూరం నుంచి ఎవరొస్తారులే అన్న ధీమా.

నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లిన మూడు వారాలకు మెత్తని గొంతాయన ఫోను చేశాడు. 18 వేలకు రాజీ పడదామన్నాడు. మావారు కేసు వేద్దామన్నారు. నేను తీసుకుందామన్నాను. తీసుకున్నాం. ఫ్రిజ్‌కు కూడా పూర్తిగా చాలలేదు. ఇప్పటికీ ఈ విషయం మీద మా ఇద్దరికీ మాటామాటా వస్తుంటుంది.

మంచం కోడును మా వీధి చివర వడ్రంగి కొత్త టేకుతో చేసిపెట్టాడు. రంగు కాస్త తేడా. తువ్వాలు ఉతికి దాచాను, ఎవరికివ్వాలో తెలియక.

27వ నంబరు పెట్టె గురించి చెప్పలేదు కదూ. జాబితాలో 27 అంటే అత్తయ్యగారి ఇత్తడి సామాను: రెండు గిన్నెలు, ఒక కాఫీ ఫిల్టరు, దీపపు కుందులు. ఏడేళ్ల కిందట ఆవిడ మా దగ్గర నెల్లాళ్లుండి వస్తూ నాకిచ్చి వచ్చినవి. 27 అని రాసున్న పెట్టె దిగింది. లెక్క సరిపోయిందనుకుని టిక్కు పెట్టాను. తెరిస్తే లోపల హిందీ వాచకాలు, పరుగు పందెంలో గెలిచిన మూడు పతకాలు, ఒక స్కూలు బెల్టు. మేడ్చల్‌లో ఎవరి 27తోనో మా 27 కలిసిపోయింది. పుస్తకాల మీద పిల్ల పేరు, ఐదో తరగతి అని ఉన్నాయి గానీ ఊరు లేదు, స్కూలు పేరూ లేదు. గోడౌనుకు మూడుసార్లు ఫోను చేశాను. పుస్తకం చూసి చెబుతామన్నారు. పెట్టె అటక మీద పెట్టాం. వానాకాలంలో చెమ్మ తగిలిందేమోనని ఒకసారి దింపి పుస్తకాలు ఆరబెట్టాను. పతకాల రిబ్బన్లు మావాడు మడతలు పోకుండా చుట్టిపెట్టాడు.